ఎడమ కంటికి పసుపు, కుడి కంటికి వెన్న

మూసలో కంచు కరిగి అద్దంలా నిలిచింది. మేస్త్రి కొలిమి అంచున వంగి కుడి కంటితో చూశాడు. పండింది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. పచ్చి. మళ్లీ కుడి, పండు. మళ్లీ ఎడమ, పచ్చి. మూస ఒకటే, మంట ఒకటే, మధ్యలో ఉన్నది ఒక్క ముక్కు. ముక్కుకి అటు చెప్పిన సాక్ష్యం ఇటు చెల్లడం లేదు.

“ఏం బావా, కొలిమికి కన్ను కొడుతున్నావ్?” అన్నాడు పట్టకారు పట్టుకుని నిలబడ్డ బావమరిది. “అక్క ఇక్కడే ఉంది, చూసుకో.”

తుక్కు కుప్ప దగ్గర పాత కుళాయిల్లోంచి ఇనప మరలు ఏరుతున్న మేస్త్రి భార్య తలెత్తకుండానే అంది, “కొట్టనీరా. నాకు కొట్టి ఇరవై ఏళ్లయింది. కొలిమైనా వేడెక్కనీ.”

మామూలు రోజైతే మేస్త్రి మాటల గారడీ కన్ను కొట్టడం దగ్గర ఎత్తుకుని, కన్నం వేయడం మీదుగా, కంచులోంచి కంచంలోకి దిగితే తప్ప ఆపేవాడు కాదు. ఇవాళ కొలిమి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. గాలి పంకా పెంచాడు. తగ్గించాడు. మళ్లీ పెంచాడు.

ఆ షెడ్డు ముగ్గురిదీ. భార్య తుక్కు ఏరుతుంది, ఆమె తమ్ముడు ఇసకలో అచ్చులు తీస్తాడు, మేస్త్రి కరిగించి పోస్తాడు. కుళాయిలూ అరిగిన బుష్షులూ విరిగిన వాల్వులూ లోపలికి వెళ్లి, నీటి పంపుల్లో తిరిగే రెక్కల చక్రాలై బయటికొస్తాయి. కంచు ఎప్పుడు పోయాలో మేస్త్రికి రంగే చెబుతుంది; పసుపు తేలితే పోయాలి. వేడి కొలిచే మీటరు ఒకటి ఉండేది గానీ, దాని మొన కాలిపోయి రెండేళ్లయింది. “మేటరున్నోడికి మీటరెందుకు?” అని అప్పట్లో దాన్ని మేకుకి తగిలించేశాడు. అది ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.

పదహారు రోజుల క్రితం కుడి కంటికి శుక్లం తీయించుకున్నాడు. ఆ తర్వాత పోసిన మూడు చక్రాలూ రెక్కలు సగంలోనే గడ్డకట్టి మొండిగా తేలాయి. కంచు చల్లగా పోసినా అలా అవుతుంది, అచ్చులోంచి గాలి పోకపోయినా అవుతుంది. కొత్త కన్ను పెట్టుకున్నవాణ్ణి, నేను చల్లగా పోస్తానా అనుకున్నాడు మేస్త్రి. మూడుసార్లూ “నీ ఇసకలో గాలాడట్లేదురా” అన్నాడు. బావమరిది ఇసక మార్చి ముతకది తెచ్చాడు, జల్లెడ మార్చాడు, గాలి కన్నాలు రెట్టింపు చేశాడు. ఈ ఉదయం నాలుగో అచ్చు దించి, “ఇదీ నిండకపోతే తాపీ నీకిచ్చేస్తా బావా. నా చెయ్యి పోయిందనుకుంటా,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు పళ్లు దాటి రాలేదు.

ఇందాక కుడి కంట్లో చుక్కల మందు వేసుకుని, మూసుకుని, ఊరికే ఎడమ కంటితో మూసలోకి చూసినప్పుడు మేస్త్రికి సంగతి అర్థమైంది. రెండు కళ్లలోనూ శుక్లం ఏళ్ల తరబడి పసుపు పొరగా పేరుకుంది. కంచు రంగుల్ని ఆ పొరలోంచే పోల్చుకుంటూ వచ్చాడు. కుడి కంటికి పొర తీసేశాక అన్నీ ఒక మెట్టు తెల్లబడి, కాగని కంచు కాగినట్టు కనిపిస్తోంది. కంటి పొర పోయింది, పొరపాటు మిగిలింది. ఆ పొరపాటు తీసుకెళ్లి బావమరిది చేతికి అంటగట్టాడు.

పైగా రేపు ఉదయం ఎడమ కంటికి ఆపరేషను. తీసిన పొర ఎవరూ తిరిగి పెట్టరు. పాత కన్ను ఇవాళ్టి వరకే.

“ఇంకెంతసేపు? మొన్న ఈపాటికి పోసేశావుగా,” అన్నాడు బావమరిది.

“ఆగు.”

“పట్టకారు పట్టుకుని చేతులు లాగేస్తున్నాయి.”

“ఆగమన్నానా.”

కుడి కన్ను గట్టిగా మూసుకుని, ఎడమ కంటికి పసుపు తేలేదాకా ఆగాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి మూస ఎత్తి పోశారు. అచ్చు నిండి, రెండో కన్నంలోంచి కంచు తొణికిసలాడుతూ పైకి తేలింది. చల్లారాక ఇసక రాలగొడితే, ఒక్క రెక్కకీ వంక లేదు.

“ముతక ఇసక,” అన్నాడు బావమరిది చక్రాన్ని బిడ్డలా తిప్పి చూసుకుంటూ. “మొత్తం మహిమ ముతక ఇసకది. నేను ముందే అనుకున్నా.”

మేస్త్రి వదిలేస్తే సరిపోతుంది. రేపటి తర్వాత మళ్లీ మొండి చక్రాలు తేలతాయి, మళ్లీ ఇసకే దోషి. గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు, చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

“ఇసక కాదురా. ఆ మూడూ నేను చల్లగా పోశాను. కొత్త కంటికి రంగులు వేరేగా కనిపిస్తున్నాయి. నీ అచ్చుల్లో తప్పేం లేదు.”

“ఎప్పట్నుంచి తెలుసు?”

“ఇందాకట్నుంచే.”

“పోయకముందే చెప్పొచ్చుగా.”

“నిండాక చూద్దాం, చెప్పాలా వద్దా అని.”

మేస్త్రి భార్య చేతిలో కుళాయి కింద పెట్టింది. “ఈయన నోట్లోంచి రెండర్థాలు లేని మాట రావడం పెళ్లయ్యాక ఇదే వినడం,” అంది.

బావమరిది నవ్వలేదు. “ఇన్ని రోజులూ నా చెయ్యి నేనే చూసుకుంటూ కూర్చున్నా బావా,” అన్నాడు. గోడ వైపు గడ్డం ఎగరేశాడు. “ఆ మీటరుకి మొన తెప్పించు.”

“తెప్పిస్తా. రావడానికి వారం పడుతుంది.”

“వారం దాకా?”

“ఇవాళ్టికి రెండు కళ్లూ ఉన్నాయిగా,” అంది భార్య సుద్దముక్క వెతుక్కుంటూ. “ఒకదాన్నడిగి ఇంకోదానికి నేర్పండి. తలుపెయ్యి తమ్ముడూ, ఎండ పడితే రంగు మారుతుంది.”

మూడు మొండి చక్రాలనూ మూసలో వేశారు. అవి కరిగేలోపు బావమరిది ఇంకో అచ్చు దించాడు. మేస్త్రి ఒక్కో కన్నూ మార్చి చూస్తూ చెబుతుంటే ఆమె తలుపు మీద రాసింది. ఎడమ నారింజ, కుడి పసుపు. ఎడమ పసుపు, కుడి వెన్న. తర్వాత బావమరిది వెనకనుంచి వచ్చి ఇసక అరచెయ్యి మేస్త్రి ఎడమ కంటి మీద అడ్డం పెట్టాడు. మెత్తగా ఏం పెట్టలేదు.

“ఇప్పుడు?”

“పసుపు.”

“పోస్తావా?”

ఏళ్ల అలవాటు మేస్త్రి మోచేతుల్ని పట్టకారు వైపు లాగింది. “పొయ్యను,” అన్నాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు. “వెన్న... కాదు. ఇంకా. ఆగు. ఆ, ఇప్పుడు.”

అరచెయ్యి తొలగింది. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూశాడు. పసుపు.

“సరిపోయిందా?”

“సరిపోయింది.”

“ఒకసారి సరిపోతే గాలివాటం,” అన్నాడు బావమరిది, మూసకి తన వైపు పట్టు సరిచూసుకుంటూ. “ముందిది పొయ్యి. సాయంత్రం లోపు ఇంకో రెండు అచ్చులు దించుతా. ఆ రెండూ కుడి కంటితోనే.”