ఆద్య వెనకాల వెళ్ళగలిగే బోర్డు

రేణు మళ్ళీ ఆ షాపుకే వచ్చింది. బయట కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఎండ కాస్తోంది. లోపల గోడ పొడవునా మంచు మీద జారే స్నోబోర్డులు నిలబెట్టి ఉన్నాయి. ఒకదాన్ని తీసి వంచి చూసింది, పెట్టేసింది, ఇంకోటి తీసింది.

షాపులో అమ్మాయి ఆమెని గుర్తుపట్టి నవ్వింది. “మీకో బోర్డు ఉందన్నారు కదా? అది బాగాలేదా?”

“గట్టిమంచు మీద చాలా బాగుంటుంది. కార్వింగ్‌కి దాన్ని మించింది లేదు. అంచు మీద ఒరిగితే చాలు, గీత గీసినట్టు తిరుగుతుంది. కానీ కొత్తగా పడ్డ మెత్తని పౌడర్ మంచులోకి వెళ్తే బోర్డు ముక్కు మునిగిపోతుంది.”

“అయితే పౌడర్ బోర్డు తీసుకోండి.”

“అది గట్టిమంచు మీద పట్టు ఇవ్వదుగా. నాకు రెండూ కావాలి.”

“మీరు ఎక్కువగా ఎక్కడ ఉంటారు? చదును చేసిన స్లోప్ మీదా, చెట్ల మధ్యా?”

రేణు చేతిలో బోర్డుని గోడకి ఆనించింది. తను ఎప్పుడూ స్లోప్ మీదే. చెట్ల మధ్యకి వెళ్ళేది కూతురు ఆద్య.

ఆద్య చిన్నప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే క్లాసులో చేరి స్నోబోర్డింగ్ నేర్చుకున్నారు. చలికాలం వస్తే చాలు, రేణు భర్త కృష్ణమోహన్ ఇద్దరినీ టాహో కొండలకి తీసుకెళ్ళి, లాడ్జిలో కాఫీ తాగుతూ కూర్చునేవాడు. ఇప్పుడు ఆద్య కొలరాడోలో కాలేజీ చదువుతోంది. పోయినసారి సెలవులకి వచ్చినప్పుడు, “అమ్మా, నువ్వు ఇక్కడే చెయ్, నేను ట్రీస్‌లోకి వెళ్తా” అని వెళ్ళిపోయింది. ఆ రోజంతా మళ్ళీ లంచ్‌కి తప్ప కనిపించలేదు. ఆ మాట ఏడాదిగా రేణు మనసులో మెదులుతూనే ఉంది.

చివరికి ఆ అమ్మాయి చూపించిన మూడో రకం కొన్నది. ముందు భాగం వెడల్పుగా, కాస్త పైకి లేచి ఉంది, మంచులో తేలడానికి. కాళ్ళ కింద మాత్రం విల్లులా వంగి బిగువుగా ఉంది, గట్టిమంచుని పట్టుకోవడానికి. ఇంటికి తెచ్చాక కూడా కుదురుగా ఉండలేకపోయింది. బోర్డుకి పాదాలు బిగించే బైండింగ్స్ కాస్త వెనక్కి జరిపింది, మళ్ళీ ముందుకి తెచ్చింది, మళ్ళీ వెనక్కి జరిపింది.

“ఇంకా రిటర్న్ చెయ్యలేదా?” అన్నాడు కృష్ణమోహన్.

“ఈసారి చెయ్యను” అంది తల ఎత్తకుండా.

ఆద్య సెలవులకి రాగానే అందరూ టాహో వెళ్ళారు. చేరిన మర్నాడు కొండంతా కొత్త మంచే. కొండ మీదికి తీసుకెళ్ళే కుర్చీల లిఫ్ట్ దగ్గర ఆద్య తల్లి చేతిలో కొత్త బోర్డు చూసి ఆగిపోయింది. “ఎప్పుడు కొన్నావ్ అమ్మా ఇది?”

“నీతో ట్రీస్‌లోకి వద్దామని.”

ఆద్య ఆ బోర్డు ముక్కు తట్టి చూసింది. “ఓకే. కానీ నేను కనిపించేంత దూరంలో ఉండాలి. స్పీడ్ తగ్గించకు, ఆగిపోతావ్.”

మొదటి నాలుగు మలుపులు కలలో తేలినట్టున్నాయి. బోర్డు ముక్కు నిజంగానే మునగలేదు. కూతురి ఎర్ర జాకెట్ చెట్ల మధ్య కనిపిస్తూ, మాయమవుతూ పోతోంది. అంతలో ఒక చెట్టు మరీ దగ్గరగా వచ్చేసరికి రేణు భయపడి వేగం తగ్గించింది. బోర్డు ఆగింది. ఆమె పక్కకి ఒరిగి నడుం దాకా కూరుకుపోయింది. లేవడానికి చెయ్యి మోపితే అది భుజం దాకా దిగింది.

“ఆద్యా!”

జవాబు లేదు. ఎర్ర జాకెట్ ఎక్కడా లేదు.  ఎంత కదిలితే అంత దిగుతోంది.

“కదలకు! వస్తున్నా!”

కింద నుంచి ఆద్య బోర్డు విప్పి చంకలో పెట్టుకుని, తొడల దాకా మంచులో దిగబడుతూ పైకి ఎక్కుతోంది. దగ్గరికి వచ్చేసరికి రొప్పుతోంది. కళ్ళజోడు తీసేసింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

“వెనక్కి తిరిగి చూస్తే నువ్వు లేవు! చాలా భయపడ్డాను తెలుసా? నీకు ఇక్కడ ఇష్టం లేదు కదా. ఎందుకు వచ్చావ్?”

“నువ్వు ఇక్కడే ఉంటావు కదా, అందుకని.”

 ఆద్య తన బోర్డుని మంచు మీద పడుకోబెట్టి, “దీని మీద చేతులు నొక్కి లే” అంది. రెండు ప్రయత్నాల తర్వాత రేణు లేచింది. ఇద్దరూ మెల్లగా చెట్లు దాటి, మెషీన్‌తో చదును చేసిన స్లోప్ మీదికి వచ్చారు.

“ఇప్పుడు నువ్వు ముందు వెళ్ళు. నేను వెనకాల వస్తా” అంది ఆద్య.

రేణు బయల్దేరింది.  అంచు మీద ఒరగగానే బోర్డు మంచుని పట్టుకుంది, పాతదానంత పదునుగా కాకపోయినా నమ్మకంగా. ఒక మలుపు, ఇంకో మలుపు. వెనక నుంచి “స్లో అమ్మా! స్లో!” అని కేక. తిరిగి చూస్తే ఆద్య కిందపడి నవ్వుతోంది.

కిందికి చేరాక ఆద్య ఫోన్ చూసుకుంది. చెట్ల దగ్గర ఫ్రెండ్స్ ఎదురుచూస్తున్నారట. “వెళ్ళనా?” అని అడిగింది. పోయినసారి అడగలేదు.

“వెళ్ళు. మధ్యాహ్నం మళ్ళీ నాతో ఒక రన్ చెయ్యాలి.”

“ట్రీస్ అంచు దాకా వెళ్దాం. లోపలికి కాదు” అని ఆద్య వెళ్ళిపోయింది.

లిఫ్ట్ మీద రేణు ఒక్కతే కూర్చుంది. కాలికి వేలాడుతున్న బోర్డుని ఊపుతూ, కింద కొమ్మల మధ్య ఎర్ర రంగు కోసం వెతికింది. కనిపించలేదు. పైకి చేరాక కాసేపు ఆగుదామనుకుంది, ఆగలేకపోయింది. స్ట్రాప్ బిగించి, స్లోప్ పక్కగా ఇంకా ఎవరూ తొక్కని మంచులోకి ఒకసారి దిగి, వెంటనే గట్టిమంచు మీదికి వచ్చి, మళ్ళీ ఆ కొత్త మంచు వైపే బోర్డు తిప్పింది.