అంచు కుట్టని గుడ్డలు

అచ్చియ్యమ్మ చోడవరంలో ముప్పై ఏళ్లుగా పాతచీరలతో బొంతలు కుడుతోంది. పాతవి నచ్చక, కోడలు ఝాన్సీ ఫోన్‌లో వీడియో చూసి కొత్త నూలుగుడ్డ తెచ్చి, చిన్న ముక్కలుగా కత్తిరించి, బొంతయ్యాక ముడుచుకోకూడదని ముందే వాషింగ్ మెషీన్‌లో తిప్పింది. అంచులన్నీ పోగులూడి, ఒకదానికొకటి చుట్టుకుని, ముద్దగా బయటికొచ్చాయి.

అచ్చియ్యమ్మ ఆ ముద్దను చచ్చిన ఎలుకలా రెండు వేళ్లతో ఎత్తింది.

“ఉతకాలని తెలిసిందా మహాతల్లికి! ఉతికేముందు అంచు సుట్టూ ఓ కుట్టెయ్యాలని ఆ వీడియోలో సెప్పలేదేటే?”

“సెప్పిందత్తా. అదంతా కుట్టడానికి ఓపికెక్కడిదని వీడియో ముందుకి దాటించీసేను.”

“బొంత కుడతానన్న మనిషికి అంచు కుట్టడానికి ఓపిక లేదు!” అచ్చియ్యమ్మ ఆ ముద్దను కోడలి ఒళ్లో పడేసింది. “ఈ పీచంతా దిండులో కూరుకో. దాని మీద తలెట్టుకుని, ఆ దాటించీసింది సూసుకో.”