వెనక అర్రలో ఎవరూ ఉండరట

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక దబ్బనం, ఒక పురికొస ఉండ. కోదాడలో చిరిగిన గోనె సంచులు కొని, మాసికలు వేసి, మిర్యాలగూడ రైసు మిల్లులకు అమ్ముతాను. పైకి బాగా కనిపించిన సంచిని నేను నమ్మను. లోపల చెయ్యి పెట్టి చూస్తాను. మనుషుల మాటలనూ అంతే.

ఆ రోజు సంచి కుడుతుండగా సర్వే చేసే స్వర్ణ వచ్చింది. ఊరవతల మూతపడిన యురేనియం శుద్ధి కేంద్రం పారబోసిన ఇసుక వాడిన ఇళ్లలో, నేలలోంచి రాడాన్ అనే వాసన లేని గాలి వస్తుందట. మూసిన గదిలో పేరుకుని ఊపిరితిత్తులను పాడుచేస్తుందట. ఎవరు ఏ గదిలో ఎంతసేపు గడిపారో చెబితే, ఇన్నేళ్లలో ఎంత పీల్చారో అంచనా కడతారు. ఎక్కువ తేలినవాళ్లకు ఏటా పరీక్షలు. నాకు ఏడాదిగా దగ్గు.

"వెనక అర్రల ఎవరుంటరన్నా?" అని మా ఆయన్ని అడిగింది.

"ఎవ్వరుండరు. సామాన్లేస్తం" అన్నాడు వెంకట్.

అంత తొందరగా జవాబిచ్చే మనిషి కాడు. నా చెయ్యి ఆగింది. స్వర్ణ గాలి కొలిచే డబ్బీని ముందు గదిలో వేలాడదీసింది. అత్తమ్మ మెల్లగా లేచి అర్ర తలుపు దగ్గరగా వేసింది.

ఎవరూ ఉండకపోతే నెలకు మూడు రోజులు నేనెక్కడ ఉన్నట్టు? ముట్టయితే చాప వేసింది అక్కడే. ఎలుకలు దూరతాయని కిటికీకి రేకు కొట్టారు. నీళ్ల బిందె ముట్టనివ్వనివాళ్లు చిరిగిన సంచులు మాత్రం లోపలికి విసిరేవారు. "ఊకెనే కూసుంటవ్ గదా, నాలుగు కుట్టు" అనేవాడు ఆయన. పన్నెండేళ్లకే నా బిడ్డ మానస చాప కూడా నా పక్కకు చేరింది. మా పెళ్లికి ముందు, ఊరికే వస్తుందని ఆ ఇసుక ట్రాక్టరులో తోలించి నేల పోయించింది ఆయనే. ముట్టు సంగతని సిగ్గుకు దాచాడా, ఆ ఇసుక తెచ్చిన తప్పును దాచాడా? మనసులో లెక్క వేశాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో కడుపుతో ఉన్న నెలలు, బాలింత నెలలు కలిపి రెండేళ్లు తీసేశాను. ఏడాదికి ముప్పై ఆరు చొప్పున ఏడు వందల ఇరవై రోజులు. ఆయన చెప్పిన లెక్కలో సున్నా.

లేచి అర్ర తలుపు తీశాను.

"స్వర్ణా, జర గీడికి రా చెల్లె. ముట్టయితే నేను, నా బిడ్డ ఉండేది గిండ్లనే. రాసుకో."

"ఓ త్రివేణీ, సిగ్గులేదా? ఆడోళ్ల ముచ్చట కాయిదంల కెక్కిస్తవా?" అంది అత్తమ్మ.

"మీరు గూడ గీ నేల మీదనే కూసున్నరు గదా అత్తమ్మా?"

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. స్వర్ణ డబ్బీని అర్రలోకి మార్చి, రాస్తూ ఉంది. కాసేపటికి అత్తమ్మ గొంతు వినిపించింది.

"ముట్టాగేదాక నాయి నాలుగేండ్లు, బిడ్డా. రాసుకో."

చివరికి మిగిలింది ఇది: పరీక్షల జాబితాలో మూడు పేర్లు, కిటికీ నుంచి ఊడదీసిన రేకు. ఈ నెల నా చాప ముందు గదిలో పరిచాను. అత్తమ్మ చూసింది. జరిగి చోటిచ్చింది.