మేదర వీధిలో పడని టముకు

నేను ఒక టముకును. వేపచెక్క చట్రం, దాని మీద బిగించిన మేకతోలు, అంతే నా ఒళ్ళు. కొడితే తప్ప పలకను. ఈ ఒక్క విషయంలో నాకూ ప్రభుత్వం వారికీ పోలిక ఉందని నన్ను మోసే యేసోబు నవ్వేవాడు. అప్పట్లో నవ్వేవాడు.

నన్ను చేసింది యేసోబు తండ్రి. తోలు నానబెట్టి, గీకి, ఎండబెట్టి, గోదావరి కాలువ గట్టున కూర్చుని బిగించాడు. ఆయన పోయాక యేసోబు భుజానికెక్కాను. మా చిన్న మున్సిపాలిటీకి మైకులొచ్చాయి, సెల్‌ఫోన్లొచ్చాయి. అయినా నా ఉద్యోగం ఊడలేదు. పన్ను మార్చాలంటే ముందు వీధివీధినా టముకు వేయించాలని, జనం అభ్యంతరాలు విన్నాకే పెంచాలని ఇక్కడ పాత నిబంధన ఒకటుంది. రాసినాయన ఎవరోగాని మనుషుల మీద నమ్మకం ఉన్నవాడు. చెప్పాల్సినవాళ్ళు చెబుతారనీ, వినాల్సినవాళ్ళు వింటారనీ అనుకున్నాడు పాపం.

యేసోబుకి ఓ పద్ధతి ఉండేది. వీధి మొదట్లో తాటాకు మంట వేసి, తోలు బిగిసేలా నాకు సెగ చూపించేవాడు. నాలుగు దెబ్బలు కొట్టి, కబురు చెప్పి, అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. "ఏం చెప్పానో ఓపాలి చెప్పండమ్మా" అని అడిగేవాడు. విన్నవాళ్ళలో ఒక్కరైనా తప్పులేకుండా తిరిగి చెబితేనే పక్క వీధికి నడిచేవాడు. మేదర వీధిలో ఆ పని నూకరత్నానిది. మొగుడు పోయాక ఇంటి అరుగు మీద మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే మనిషి. మిషన్ ఆపి, దారం పళ్ళతో తెంపి, మొత్తం అప్పజెప్పేది.

"రేపు నీళ్ళు రావు, ఎల్లుండీ రావు. ఆయ్, ఇంతకీ ఎప్పుడొస్తాయో కమీషనర్ గారి చేత కూడా ఓపాలి చెప్పించు బాబాయ్" అనేది. వీధంతా నవ్వేది. నాకు ఆ వీధంటే ప్రాణం.

ఒక వేసవిలో పన్ను లెక్కే మారింది. ఇకమీదట ఇంటి విలువను బట్టి పన్నట. ఇంట్లో ఏ వ్యాపారమున్నా దుకాణం రేటట. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సత్యవరప్రసాద్ గారు యేసోబుని ఆఫీసు వెనక దొడ్లోకి పిలిచారు. చెడిపోయిన నీళ్ళ ట్యాంకరు, విరిగిన కుర్చీలు, వాటి మధ్య మేమిద్దరం.

"ఇక్కడే కొట్టెయ్యవయ్యా. ఫోటో తీసి పైకి పంపేస్తాను."

"వీధుల్లోకి ఎల్లక్కర్లేదాండీ? మరి జనానికి తెలవాలి కదండీ?"

"తెలిస్తే అర్జీలు పెడతారు. పెడితే వాటన్నిటికీ జవాబులు రాయాలి. నువ్వు రాస్తావా? నీ కూలి నీకు వస్తుందిలే, పుల్ల పైకెత్తు. ఆఁ, కాస్త నవ్వు."

యేసోబు కొట్టాడు. సెగ చూపించలేదు కాబట్టి నా గొంతు బొంగురుగా వచ్చింది. ఫోటోలో గొంతు పడదు గనక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కబురు తిరిగి చెప్పమని అడగడానికి అక్కడ కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ఆ రోజు నుంచి యేసోబు మేదర వీధి మీదుగా రావడం మానేసి, కాలువ గట్టు చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు.

ఎలాగోలా పుకారు పాకింది. అభ్యంతరం రాసి ఇద్దాం రమ్మని ఒకరిద్దరు వీధివాళ్ళు బయల్దేరారు కూడా. వాళ్ళని ఆపింది నూకరత్నమే.

"టముకు పడందే పన్నెలా పెరుగుద్దండీ? నిజమైతే మా యేసోబు బాబాయ్ మన వీధికి వచ్చి చెప్పడా?"

ఆ మాటకి అందరూ సరేనని వెనక్కి పోయారు. ఈ సంగతి యేసోబు తర్వాత ఎవరి ద్వారానో విని, ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఊరి నమ్మకమంతా నా తోలు మీద ఉందని నాకు తెలిసింది అది పోయే ముందే.

పన్ను కాగితం వచ్చేసరికి అభ్యంతరాల గడువు దాటిపోయింది. కుట్టుమిషన్ ఉందని నూకరత్నం ఇంటిని దుకాణంగా రాశారు. ఆవిడ ఆఫీసుకి పరుగెత్తుకొచ్చింది. సత్యవరప్రసాద్ గారు విసుక్కోకుండా, ఎంతో మర్యాదగా ఫోన్ తీసి ఫోటో చూపించారు. యేసోబు అప్పుడు వరండాలోనే ఉన్నాడు. నూకరత్నం అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఫోటో వంకా అతని వంకా చూసి, "ఇది మన వీధి కాదు కదా బాబాయ్" అంది. అరిచి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అంత పన్ను కట్టలేకపోయింది. కుళాయి కోసేశారు. బిందె పట్టుకుని వీధి పంపు దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. వసూలైన డబ్బు ఏం చేశారో ఏ టముకూ చెప్పలేదు. కాలువ పక్కన మంచినీళ్ళ పైపు మాత్రం ఎప్పటిలాగే తుప్పు పట్టి ఉంది.

వానల్లో ఆ పైపు పగిలి మురుగు కలిసింది. కుళాయి నీళ్ళు, వీధి పంపు నీళ్ళు తాగొద్దని ఈసారి నిజంగానే వీధివీధినా చాటమన్నారు. యేసోబు తాటాకు మంట వేసి నాకు సెగ చూపించాడు. సత్యవరప్రసాద్ గారు మొదటి వీధిలోనే ఓ ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. నేను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మోగాను. ఈ ఊళ్ళో నేనంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. జనం గుమ్మాల్లోంచి చూసి, ఫోటోగ్రాఫరేడని ఎగతాళి చేసి లోపలికి పోయారు.

మేదర వీధి పంపు దగ్గర నూకరత్నం బిందె పెట్టి ఉంది.

"నీళ్ళలో మురుగు కలిసిందమ్మా. తాగొద్దు. ఒట్టమ్మా, నిజం చెబుతున్నాను" అన్నాడు యేసోబు. ఆవిడ తలెత్తలేదు. "ఏం చెప్పానో ఓపాలి చెప్పమ్మా" అని బతిమాలాడు.

"నీళ్ళు తాగొద్దన్నావు. ఫోటో అయిపోయింది కదా, ఇక ఎల్లు బాబాయ్" అంది. బిందె నిండేదాకా ఆగి, చంకన పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారం వాంతులు, విరేచనాలతో పెద్దాసుపత్రికి వెళ్ళినవాళ్ళలో నూకరత్నం తిరిగి రాలేదు. అరుగు మీద మిషన్‌కి గోనెపట్టా కప్పారు.

విచారణకి పై అధికారి వచ్చి, జనాన్ని హెచ్చరించారా అని అడిగారు. సత్యవరప్రసాద్ గారు ఫోన్ తీసి ఫోటో చూపించారు. పుల్ల పైకెత్తిన యేసోబు, అతని భుజాన నేను. పై అధికారి తృప్తిగా తలూపారు. ఈ ఫోటో వానల్లో వీధిలో తీసింది, నిజమైనదే. కాని దీని పక్కన దొడ్లో తీసిన ఆ పాత ఫోటో పెడితే, ఏది నిజమో ఏది నాటకమో నేను కూడా చెప్పలేను.

ఇప్పుడు యేసోబు ఇంటి చూరుకి వేలాడుతున్నాను. వానకి తోలు నాని సాగిపోయింది. మంట వేసి సెగ చూపించమని అతన్ని నేను అడగను.