కంటిపలక

శ్రీశైలమ్మ పలక అంచును సానరాయికేసి అరగదీస్తోంది. మార్కాపురం పలకల షెడ్డులో అందరూ సద్దులు తిని మళ్లీ పనిలో కూర్చున్నారు. మోచేతుల దాకా నల్లటి దుమ్ము. ఉన్నట్టుండి ఆమె కుడికన్ను చెమ్మగిల్లింది. రెప్ప వాలింది. ఆ వైపు ముక్కు కారింది. ఏటా చలి మొదలయ్యాక కొన్ని వారాలు, ఇదే పొద్దుకు, కంట్లో కొరివి తిప్పినట్టు వచ్చే నొప్పి.

వచ్చిందంటే కూర్చోలేదు, పడుకోలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఆ వైపు దవడపళ్లు పీకించారు. ఆమె మాత్రం చల్లటి పలకముక్కను కంటికి అదుముకుని షెడ్డు చుట్టూ తిరిగేది. అదిమి అదిమి దాని అంచు కనుగుంతకు సరిపోయేలా అరిగింది. ఈసారి పని వదిలి లేస్తే మళ్లీ రావద్దని మేస్త్రి మాల్యాద్రి తేల్చి చెప్పాడు.

నిన్న ఆసుపత్రిలో డాక్టరు రాధాకుమారి, ఆమె చేతిలోని ఆ ముక్క మీదే బలపంతో గీసి చూపింది.

"తల లోపల హైపోథాలమస్ అని ఒంటికి గడియారం ఉంటుందమ్మా. నీకది తప్పుగా గంట కొడుతోంది. దాంతో ఈ ట్రైజెమినల్ నరం లేస్తోంది. మూడు పాయలు: కంటికి, పైదవడకు, కిందిదవడకు. దీని కొసల్లో సీజీఆర్‌పీ అనే పదార్థం ఊరి రక్తనాళాలు ఉబ్బుతాయి. కన్ను, ముక్కు కారడం ఇంకో నరం పని."

"మరి నా పండ్లు?"

"వాటి తప్పేం లేదు."

"పాపం, ఊరికే పోయినాయి."

ఇప్పుడు మేస్త్రి బీడీ అంటించబోతూ, "మొదలైంది నాటకం" అన్నాడు.

పక్కన పనిచేసే షరీఫాబీ, డాక్టరు రాసిచ్చిన ఆక్సిజన్ సిలిండర్‌ను మూలనుంచి లాక్కొచ్చింది. "ఆ బీడీ అవతల పారేయన్నా! భగ్గుమంటే నీ మీసాలు కూడా మిగలవు."

మాస్కు బిగించింది. "నిండుగా పీల్చక్కా."

శ్రీశైలమ్మ పీల్చింది. కొరివి తిరుగుతూనే ఉంది. కాళ్లు లేవబోయాయి. చేయి అలవాటుగా కిటికీలోని పలకముక్క కోసం పోయి, దాని మీది గీతలు చూసి ఆగింది. మళ్లీ పీల్చింది. దవడలో సలుపు సడలింది. తర్వాత కణత. తర్వాత కన్ను. ఇన్నేళ్లూ వెంట తిరిగిన నొప్పి సెలవైనా చెప్పకుండా వెళ్లిపోయింది.

"ఏందక్కా, ఇంకా ఉందా?"

మాస్కు తీసి, బోసి దవడ కనిపించేలా నవ్వింది. "తరిమినానే! మేస్త్రన్నా, ఆ పలకలిట్ల తే!"

మాల్యాద్రి తెచ్చి ముందు పెట్టాడు.

రేపు మళ్లీ వస్తుందేమోనన్న గుబులు లేకపోలేదు. కానీ ఇప్పుడు అదేమిటో తెలుసు, అది వచ్చే దారీ తెలుసు. పొద్దుగూకే దాకా అంచులు తీసి, చీర దులుపుకుని, షరీఫాబీ భుజం మీద చెయ్యేసి ఆమె ఇంటిదారి పట్టింది.

కిటికీలో పలకముక్క ఉండిపోయింది. దాని మీద మూడు పాయలూ చెదరలేదు. వాటిని తుడిపే కన్నీరు ఆ రోజు దానికి అంటలేదు.