లోర్నా ఎంచుకున్న చిన్న తూటా

ముప్ఫై ఏళ్ళుగా అమెరికాలోని మోంటానాలో పిస్టళ్ళ కొట్టు నడుపుతున్నాను. ప్రాణం కాపాడుకోవడానికి నలభయ్యైదు నంబరు లావుపాటి తూటాని మించింది లేదని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి. నా స్నేహితుడు రస్టన్‌కి అంతకన్నా సన్నం, తొమ్మిది మిల్లీమీటర్ల తూటా అంటే పిచ్చి. "నీ పిస్టల్లో ఏడే పడతాయి, నా దాంట్లో పదిహేడు" అని ఒకటే గొప్పలు. శనివారాలు కొట్టు వెనక నీళ్ళ డబ్బాలు వరసగా పేర్చి, ఎవడి తూటా ఎన్ని డబ్బాల్లోంచి దూసుకెళ్ళిందో చూసి, ఓడినవాణ్ణి ఏడిపించడం మా ఆనవాయితీ.

అలాంటి ఓ శనివారం పొద్దున లోర్నా హాగెన్ వచ్చింది. డెబ్భైమూడేళ్ళ మనిషి, చిన్నప్పుడు చర్చిలో నాకు పాఠాలు చెప్పింది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయాయి.

"మనవరాలు నా దగ్గరే ఉందిరా గ్రేడీ. దాని మొగుడు రెండుసార్లు వచ్చి తలుపు విరగ్గొట్టాడు. మళ్ళీ వస్తానని చెప్పి మరీ పోయాడు. ఫోన్ చేస్తే షెరీఫ్ రావడానికి యాభై నిమిషాలు."

"అయితే నలభయ్యైదే అమ్మా" అని కొట్టు వెనక్కి తీసుకెళ్ళి, తూటాలు నింపి చేతిలో పెట్టాను. ఆవిడ పేలిస్తే తూటా ఎటో మట్టిగట్టులోకి పోయింది, పిస్టల్ ఎగిరి ఆవిడ నుదుటిదాకా వచ్చింది. రస్టన్ ముసిముసిగా నవ్వుతూ తన తొమ్మిది ఇచ్చాడు. దాని పైభాగం వెనక్కి లాగితేగానీ తూటా లోపలికి ఎక్కదు. ఆ వేళ్ళకి అది కదల్లేదు. రస్టన్ నవ్వు ఆపేశాడు.

"ఆ చిన్నది ఇటివ్వు" అంది. పిల్లలకి నేర్పే ఇరవైరెండు నంబరు పిస్టల్, పైభాగం తేలిగ్గా కదులుతుంది. తూటా బఠాణీ గింజంత ఉంటుంది.

"దాంతో ఉడతలు చస్తాయమ్మా, మనుషులు కాదు."

"ముందు తగలనీరా. మిగతాది తర్వాత చూద్దాం."

పది అంగల దూరంలో కాగితం పళ్ళెం పెట్టాం. తొందరపడలేదు, తడబడలేదు, పది తూటాలు పేల్చింది. పళ్ళెం తెచ్చి చూస్తే పది కన్నాలూ కలిసి ఒకటే అయ్యాయి. నా కాఫీ కప్పు మూత పెడితే మొత్తం దాని కింద దాగిపోయింది. రస్టన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"నేలఉడతలు బొరియలు తవ్వితే వాటిలో పడి మా ఆవుల కాళ్ళు విరుగుతాయి. నలభై ఏళ్ళు వాటిని కాల్చడమే నా పని."

మూడు వారాల తర్వాత తూటాల పెట్టె కోసం వచ్చింది. వాడొచ్చాడా అని భయంభయంగా అడిగాను.

"వచ్చాడు. గేటు దాటొద్దన్నాను, నవ్వాడు. వాడి ట్రక్కు పక్కద్దం తూటాతో పగలగొట్టాను. తర్వాత దాని రేడియో యాంటెన్నా కొట్టాను. ఆ తర్వాత వాడి మొహంకేసి చూశాను. ట్రక్కు దిగకుండానే వెనక్కి తోలుకుపోయాడు. పిల్ల ఆ రాత్రి తలుపుకి బల్ల అడ్డం పెట్టకుండా పడుకుందిరా."

చిటికెన వేలంత లావు కూడా లేని యాంటెన్నా!

ఆవిడ వెళ్ళాక కొట్టుకి తాళం వేసి, వెనక్కి పోయి, పది అంగల్లో పళ్ళెం పెట్టుకున్నాను. నా నలభయ్యైదుతో ఏడు పేలిస్తే రెండు తగిలాయి. ముప్ఫై ఏళ్ళూ నేను కొట్టింది ఇంతింత లావు నీళ్ళ డబ్బాలు. ఇప్పుడెవరొచ్చి ఏ తూటా మంచిదని అడిగినా, ముందు ఓ పళ్ళెం చేతికిస్తున్నాను.