ఎనిమిది సెకన్ల మంట

వస్తువుల్ని తగలబెట్టడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కుర్చీ బట్ట, వైరు తొడుగు, తలుపు చెక్క, ఏది తెచ్చినా సన్నటి పట్టీలుగా కోయించి, గాజు పెట్టెలో నిలువుగా వేలాడదీసి, కింద దూది పరిచి, పట్టీ అడుగున మంట పెడతాను. పది సెకన్లు ఉంచి తీస్తాను. దానంతట అది ఆరితే మళ్లీ పది సెకన్లు పెడతాను. అప్పుడూ ఆరిపోవాలి, బొట్లు కారి దూదిని అంటించకూడదు. అలా అయిదు పట్టీలూ నెగ్గితేనే నా సంతకం పడుతుంది. అందుకే ఈ ల్యాబులో అందరూ చాటుగా నన్ను కొరివి దెయ్యం అంటారు. ముఖం మీద అనే ధైర్యం మా ఆయన ఒక్కడికే ఉంది.

ఆ రోజు నా ముందుకొచ్చింది మా అమ్మాయి తయారుచేసిన పదార్థం. అది మా పై అంతస్తులోనే పరిశోధన చేస్తుంది. గింజల నూనెతో ఎపాక్సీ జిగురు చేసి, దాంతో రైలు పెట్టెల లోపలి గోడలకు పలకలు పోయాలని దాని పంతం. నూనె సంగతి తెలిసిందేగా, మంట తగిలితే ఆగదు. అందుకని ఇసుకలో ఉండే సిలికాను అందులోకి తెచ్చింది. పొడి చేసి కలపడం కాదు, జిగురు గట్టిపడుతుండగా దాని లోపలే కంటికి ఆననంత సన్నగా పుట్టేలా చేసింది. నిప్పు తగిలితే ఆ సిలికా పైకి చేరి పెంకు కట్టాలి, ఆ పెంకు లోపలి భాగాన్ని కాపాడాలి. అదీ మా పిల్ల లెక్క.

ఆ లెక్క అప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ బొట్లు కారి దూది అంటుకుంది, రెండుసార్లూ ఫెయిల్ అని రాసింది నేనే. మూడోసారి కూడా పోతే ఈ పని మూసేస్తామని మా ల్యాబు పెద్దసారు చెప్పేశారు. మూడేళ్ల కష్టం మరి. కన్నతల్లి చేత పరీక్ష ఏమిటని ఎవరో నసిగితే, "ఆవిడ కట్టుకున్నవాణ్ణయినా ఫెయిల్ చేస్తుంది, మీరేం బెంగపడకండి" అన్నారట పెద్దసారు. అది విని పొంగిపోయాను, దాచడం ఎందుకు.

అమ్మాయి, పెద్దసారు అద్దం అవతల నిలబడ్డారు. మొదటి పట్టీ మూడు సెకన్లలో ఆరింది. తర్వాతి మూడూ అంతే. అయిదోదానికి రెండోసారి మంట పెట్టాను. పట్టీ అంచు ఉబ్బింది. బొట్టు జారే ముందు సరిగ్గా అలాగే ఉబ్బుతుంది. మంట పక్కకు తీశాను. పట్టీ ఆరింది, దూది తెల్లగా అలాగే ఉంది. రిజిస్టర్లో అలవాటుగా 'పది' అని రాసేశాను.

పెద్దసారు చప్పట్లు కొట్టారు. అమ్మాయి మాత్రం తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"అమ్మా, చివరిది ఎనిమిదే."

"ఎనిమిదేంటి?"

"సెకన్లు. చూస్తూనే ఉన్నా. ఎనిమిదికే తీసేశావ్."

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు పాకే రోజుల నుంచి ఈ గదిలో ఉన్నా. నాకు నేర్పుతావా మంట పెట్టడం?"

"అందుకే చెబుతున్నా. ఇంకెవరైనా అయితే చేతకాలేదు అనుకునేదాన్ని."

మంట తీయగానే ఆగిపోయే టైమరు వైపు తిరిగాను. ఎనిమిది దగ్గర ఆగి ఉంది. ఇన్నేళ్లూ నా మాట విన్న చెయ్యి, నాకు తెలియకుండా తల్లి చెయ్యి అయిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"రెండు సెకన్లే కదమ్మా, ఆరింది కదా, వదిలెయ్" అన్నారు పెద్దసారు, వెనకే వచ్చి.

"రైల్లో అంటుకుంటే మన కోసం ఎనిమిదికే ఆగదు కదా సార్" అంది అమ్మాయి.

నిబంధన ప్రకారం కొత్తగా అయిదు పట్టీలు కాల్చాలి. అమ్మాయి తెచ్చినవాటిలో ఇంకా మిగిలినవి అయిదే, అవీ వేరే రోజు పోసిన పలకలోంచి కోసినవి.

"నిలబడతాయంటావా?" అని మెల్లగా అడిగాను.

"తెలీదమ్మా. నిలబడకపోతే నేను చేసింది నిలబడేది కాదన్నమాట."

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పైకే లెక్కపెట్టాను. నాలుగు నెగ్గాయి. అయిదోది మళ్లీ అలాగే ఉబ్బింది. ఎనిమిది అన్నాను. చెయ్యి కదలనివ్వలేదు. తొమ్మిది. పది. మంట తీసి చూస్తే ఆ ఉబ్బు బొట్టు కాదు, తెల్లటి పెంకు. రెండు సెకన్లలో ఆరిపోయింది. దూది మీద మచ్చ కూడా లేదు.

అమ్మాయి నేల మీదే కూలబడి ఏడ్చింది. "లేవే, నేలంతా మసి" అన్నాను.

"మొదటి కాగితం తీసేద్దాం, మీ పేరుకి మచ్చెందుకు" అన్నారు పెద్దసారు. ఒప్పుకోలేదు. అక్కడి 'పది' కొట్టేసి ఎనిమిది వేశాను. చెల్లదు, కారణం పరీక్షించినవారి పొరపాటు అని రాసి సంతకం పెట్టాను. దాని కింద, పొరపాటు కనిపెట్టినవారి పేరు, హోదా అని ఒక గడి ఉంది. ఇరవై ఆరేళ్లలో దాన్ని నింపే అవసరం రాలేదు. అందులో 'మా అమ్మాయి' అని రాశాను. అలా రాయకూడదని ఈ భవనంలో అందరికంటే నాకే బాగా తెలుసు. దిద్దలేదు.